తెలిసిన సంగతికి కమీషన్: తొలి అఫిలియేట్ వెబ్‌సైటు కట్టే తీరు

ఒక వస్తువు గురించి చదివినవారు ఆ వ్యాసంలోని లింకు నొక్కి ఆన్‌లైన్ దుకాణానికి వెళ్లి దాన్ని కొంటే, లింకు పెట్టినవారికి దుకాణం కొంత కమీషన్ ఇస్తుంది. కొనేవారికి ధర పెరగదు. ఈ ఏర్పాటును అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. ఇలాంటి లింకుల మీద రాబడి వచ్చే సైటు అఫిలియేట్ వెబ్‌సైటు. గుంటూరు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారి సరుకు తనది కాకపోయినా రైతునూ కొనేవారినీ కలిపినందుకు కమీషన్ తీసుకున్నట్టే, ఇక్కడ రాసేవారు చదివేవారినీ దుకాణాన్నీ కలుపుతారు. సరుకు నిల్వ పెట్టక్కర్లేదు, ప్యాకింగు అక్కర్లేదు, డబ్బు వసూలు చేసే పనీ లేదు.

ఈ పద్ధతి ఇంటర్నెట్ వ్యాపారమంత పాతది. అమెరికాలో పాటల సీడీలు అమ్మిన సీడీనౌ సంస్థ 1994లోనే ఇతర సైట్ల నుంచి వచ్చే కొనుగోళ్లకు కమీషన్ ఇచ్చింది. 1996లో అమెజాన్ తన అసోసియేట్స్ కార్యక్రమంతో దాన్ని ఎవరైనా చేరగలిగేలా మార్చింది. మన దేశంలో అమెజాన్ 2013లో అడుగుపెట్టింది. లింకుకు ఉన్న బలమేమిటో అంతకు ముందే తెలుగు నేల మీద ఒకసారి రుజువైంది. 2007 అక్టోబరులో, అప్పుడే పుట్టిన ఫ్లిప్‌కార్ట్‌కు తొలి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. అక్కడి వెబ్ నిపుణుడొకరు తన సైటులో రాసుకున్న వ్యాసం కింద సంస్థ స్థాపకుల్లో ఒకరైన సచిన్ బన్సల్ ఒక లింకు పెట్టారు. ఆ లింకు నొక్కి ఆ నిపుణుడు జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ది వరల్డ్' అనే పుస్తకానికి ఆర్డరు పెట్టారు. అది అఫిలియేట్ లింకు కాదు, కమీషనూ లేదు. కానీ పేపర్లో ప్రకటన, గోడ మీద పోస్టరు ఏదీ లేకుండానే, చదువుకునే చోట కనబడిన ఒక్క లింకు ఊరూ పేరూ తెలియని దుకాణానికి కొనుగోలుదారును తెచ్చిపెట్టింది.

కమీషన్ ఎవరికి చెందాలో దుకాణానికి ఎలా తెలుస్తుందన్నది కొత్తవారికి మొదట వచ్చే సందేహం. కార్యక్రమంలో చేరినవారికి దుకాణం ఒక గుర్తింపు సంకేతం ఇస్తుంది. వారు తయారుచేసుకునే ప్రతి లింకు చివరా ఆ సంకేతం ఉంటుంది. పాఠకుడు లింకు నొక్కగానే అతని ఫోనులో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది. అమెజాన్ విషయంలో ఆ గుర్తు 24 గంటలు పనిచేస్తుంది. ఆ గడువులో అతను ఆ వస్తువునే కాదు, వేరే వస్తువు కొన్నా కమీషన్ వస్తుంది. మధ్యలో మరొకరి లింకు నొక్కితే హక్కు వారికి మారిపోతుంది. సరుకు వెనక్కి పంపితే కమీషనూ రద్దవుతుంది. సొంత లింకుతో సొంతానికి కొనుక్కుంటే లెక్కలోకి రాదు, పైగా అది నిబంధనల ఉల్లంఘన. అమెజాన్‌లో చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసేస్తారు. అందుకే సైటులో పది పన్నెండు మంచి వ్యాసాలు నిలబడ్డాకే దరఖాస్తు పెట్టడం మేలు. తొలిరోజే ఖాతా తెరిచి గడువు కరిగిపోయేలా చూసుకోవడం కొత్తవారిలో తరచూ కనిపించే తొందరపాటు.

ఇక సైటు కట్టడానికి ఏం చదువు కావాలి? గుంటూరు నుంచి తెనాలి వెళ్లే దారిలో చేబ్రోలు మండలంలోని వడ్లమూడిలో పేరున్న సంస్థలు రెండున్నాయి. ఒకటి, 1997లో ఇంజినీరింగ్ కళాశాలగా మొదలై 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయం హోదా పొందిన విజ్ఞాన్. రెండోది సంగం డెయిరీ. వెబ్‌సైటు అనగానే అందరి చూపూ మొదటిదాని వైపే పోతుంది. ప్రోగ్రామింగ్ నేర్చినవారికే ఇది సాధ్యమన్న అభిప్రాయం ఇంకా బలంగా ఉంది. కానీ అఫిలియేట్ సైటుకు ముడిసరుకు ఎక్కువగా దొరికేది రెండోచోటే. పొద్దున్నే పాలకేంద్రానికి పాలు పోసి వచ్చే మనిషికి గేదెల గురించి, మేత గురించి, సావిడిలో వాడే సామాను గురించి తెలిసిన సంగతులు ఏ కంపెనీ ప్రకటనలోనూ దొరకవు. సైటు కట్టే పనిముట్లు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతాయి. అనుభవం మాత్రం అందరి దగ్గరా ఉండదు.

విషయం ఎంచుకోవడంలోనే సగం ఫలితం తేలిపోతుంది. 'మంచి ఫోన్లు', 'మంచి టీవీలు' అని మొదలుపెట్టేవారు పెద్ద పెద్ద సంస్థలతో పోటీకి దిగుతారు. పైగా ఫోన్ల మీద కమీషన్ చాలా తక్కువ. దానికి బదులు ఒక చిన్న వృత్తినో, ఒక ప్రాంతపు అవసరాన్నో పట్టుకోవాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో అలాంటివి కోకొల్లలు. డెల్టాలో వరి కోసిన పొలాల్లో మినుము, మొక్కజొన్న వేసేవారికి బ్యాటరీ స్ప్రేయర్లు, టార్పాలిన్ పట్టాలు కావాలి. పాడి ఉన్నవారికి గడ్డి కత్తిరించే మిషన్లు, పాలు పితికే మిషన్లు, స్టీలు క్యాన్లు, లాక్టోమీటర్లు, సావిడిలో పరిచే రబ్బరు మ్యాట్లు కావాలి. హాస్టళ్లలో చేరే పిల్లల తల్లిదండ్రులకు ట్రంకుపెట్టె మొదలు టేబుల్ లైటు దాకా ఏం కొనాలో, ఏది అనవసరమో చెప్పేవారు కావాలి. వీటిలో ఏదైనా ఒకటే చాలు. ఒకే సైటులో స్ప్రేయరూ చీరా కుక్కరూ కలిపితే అది దేనికీ నమ్మదగిన చోటు కాకుండా పోతుంది.

గడ్డి కత్తిరించే మిషన్‌నే తీసుకుంటే, మంచి వ్యాసానికీ ఉత్తుత్తి వ్యాసానికీ తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఉత్తుత్తి వ్యాసం దుకాణం పేజీలోని వివరాలనే తిరగరాస్తుంది: మోటారు ఇంత, బరువు ఇంత, రంగు ఆకుపచ్చ. కొనబోయే రైతుకు కావలసినవి వేరు. రెండు హార్స్‌పవర్ల మోటారు అంటే సుమారు ఒకటిన్నర కిలోవాట్లు. ఇంటి సింగిల్ ఫేజు మీటరు మీద అది నడుస్తుందా, సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు వేడెక్కుతుందా? వైండింగు రాగిదా, అల్యూమినియందా? గంటకు ఇన్ని వందల కిలోలు కత్తిరిస్తుందని కంపెనీ చెప్పేది సాధారణంగా పచ్చిగడ్డి లెక్క. ఎండు వరిగడ్డి పెడితే ఆ అంకె బాగా పడిపోతుంది. ముదిరిన సూపర్ నేపియర్ గడ్డి కాడలు పెడితే రోలర్లు పట్టి లాగుతాయా, మధ్యలో ఇరుక్కుంటాయా? ముక్కలు అంగుళం లోపు పడితే గేదె కాడలు వదిలేయకుండా తింటుంది, మేత వృథా తగ్గుతుంది. బ్లేడు మొద్దుబారితే సాన తెనాలిలో పట్టించుకోవచ్చా, కంపెనీ నుంచే తెప్పించుకోవాలా? ఇంత బరువున్న మిషన్‌ను ఇంటిదాకా తెస్తారా, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలా?

వీటికి జవాబులు కుర్చీలో కూర్చుని రాసేవి కావు. మిషన్ ఉన్న రైతు సావిడికి వెళ్లాలి. పది కిలోల ఎండుగడ్డి తూచి, ఫోనులో టైమరు పెట్టి, ఎంతసేపట్లో అయిందో చూడాలి. ముక్కల పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. మేత పెట్టే తొట్టి పొట్టిగా ఉంటే చెయ్యి రోలర్ల దగ్గరకు పోయే ప్రమాదముంది. పైట చెంగు, భుజం మీది తువ్వాలు, వదులు చేతుల చొక్కా చక్రానికి చుట్టుకుంటాయి. కాపుదల రేకు లేని మిషన్ ఎంత చవకైనా కొనవద్దని రాయాలి. ఆ వాక్యం వల్ల ఒక కమీషన్ పోవచ్చు, ఒక మనిషి వేళ్లు మిగులుతాయి. మరమ్మతు దగ్గరలో దొరకాలంటే ఈ వస్తువును ఆన్‌లైన్‌లో కాకుండా ఊళ్లోని కొట్టులోనే కొనడం మంచిదని తేలితే, అదీ రాయాలి. ఇలాంటి మాట ఒక్కటి చదివిన పాఠకుడు తర్వాతి వస్తువుకు తప్పకుండా అదే సైటుకు వస్తాడు.

ఈ దారిలో నడిచి పెద్దదైన సైటుకు అమెరికాలోని వైర్‌కట్టర్ ఉదాహరణ. బ్రయన్ లామ్ 2011లో మొదలుపెట్టిన ఆ సైటు వందల వస్తువుల జాబితాలు ఇవ్వడానికి బదులు, వాడి చూసి 'ఇది కొనండి' అని ఒక్కదాన్ని చెప్పే పద్ధతి పట్టుకుంది. 2016లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని 3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. తెలుగులో అంత వెడల్పాటి బాట ఇంకా పడలేదు. తెలుగులో వాడి చూసి రాసిన వస్తు సమీక్షలు, ముఖ్యంగా పల్లె అవసరాల మీద, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కనిపిస్తాయి. కొనేవారు మాత్రం ఎప్పుడో వచ్చేశారు. 2020లోనే అటు ఫ్లిప్‌కార్ట్, ఇటు అమెజాన్ తమ దుకాణాలను తెలుగులో చూపడం మొదలుపెట్టాయి.

ఇక కట్టే పని. దీనికి దారులు రెండు. మొదటిది బ్లాగర్. 1999లో పుట్టి, 2003లో గూగుల్ చేతికి వచ్చిన ఈ సేవ పూర్తిగా ఉచితం. జీమెయిల్ ఉంటే చాలు, పేరు పెట్టి, ఒక నమూనా ఎంచుకుని రాయడం మొదలుపెట్టవచ్చు. ఎంత దూరం సాగుతామో తెలియనివారు ఇక్కడ నాలుగు వ్యాసాలు రాసి చూసుకోవడం తెలివైన పని. రెండోది వర్డ్‌ప్రెస్. 2003లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా నడుస్తున్నాయి. దీనికి రెండు ఖర్చులుంటాయి. ఒకటి డొమైన్, అంటే సైటు పేరు. చివర డాట్ ఇన్ ఉండే పేరుకు మామూలుగా ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. రెండోది హోస్టింగ్, అంటే సైటు ఉండే సర్వరులో చోటుకు అద్దె. తొలి ఏడాది తగ్గింపు ధర చూపి, రెండో ఏడాది రెండు మూడింతలు అడగడం ఈ రంగంలో మామూలే. కనుక డబ్బు కట్టేముందు 'రెన్యువల్' ధర ఎంతో చూసుకోవాలి. పేరు పొట్టిగా, ఫోనులో చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలిగేలా ఉండాలి. డొమైన్ తప్పనిసరిగా సొంత ఈమెయిలు మీద, సొంత పేరు మీద కొనాలి. సైటు కట్టిచ్చినవారి ఖాతాలో ఉంటే తర్వాత తగువులే.

హోస్టింగ్ తీసుకున్నాక దాని ప్యానెల్‌లో వర్డ్‌ప్రెస్ అనే బొమ్మ మీద నొక్కితే నిమిషాల్లో సైటు సిద్ధమవుతుంది. ఆపై థీమ్, అంటే సైటు రూపురేఖలు, ఎంచుకోవాలి. ఆస్ట్రా, జనరేట్‌ప్రెస్, కేడెన్స్ లాంటి తేలికైనవి ఉచితంగానే దొరుకుతాయి. పేరా, ఫొటో, పట్టిక అన్నీ ఇటుకల్లా ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటూ పోయే ఎడిటరు 2018 చివరి నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. వాట్సాప్‌లో ఫొటో పంపగలిగినవారికి అది రెండు రోజుల్లో అలవాటవుతుంది. అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు హాయిగా చదివిస్తుంది. గూగుల్ ఫాంట్లలో తెనాలి రామకృష్ణ పేరు మీద కూడా ఒక ఫాంటుంది, శీర్షికలకు బాగుంటుంది. ప్లగిన్లు అనే అదనపు హంగులు నాలుగైదుకు మించకపోవడం మంచిది: సైటు బొమ్మలను చిన్నవి చేసేది, రోజూ నకలు తీసిపెట్టేది, గూగుల్‌కు వివరాలు అందించేది, అనవసరపు వ్యాఖ్యలను ఆపేది. ఎక్కువైతే సైటు బరువెక్కుతుంది. పాఠకులు దాదాపు అందరూ ఫోనులోనే చదువుతారు కాబట్టి, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే పల్లెలో మామూలు ఫోనులో తెరిచి చూడాలి. అక్కడ త్వరగా తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

వ్యాసాలు కాక నాలుగు పేజీలు తప్పనిసరి: రాసేవారెవరో చెప్పేది, సంప్రదించే దారి చూపేది, పాఠకుల వివరాలను ఏం చేస్తారో చెప్పేది, కమీషన్ సంగతి వెల్లడించేది. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేయాలి. ఇది ఉచితం. ఏ మాటలతో వెతికినప్పుడు సైటు కనబడిందో అదే చూపిస్తుంది. కొత్తవారికి ఇంతకు మించిన గురువు లేదు. 'గడ్డి కత్తిరించే మిషన్ ధర' అని వెతికేవారున్నట్టే, అవే తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు, 'చాఫ్ కట్టర్' అనే వెతికేవారు కూడా ఉంటారు. ఒకరు గేదె అంటారు, ఇంకొకరు బర్రె అంటారు. వ్యాసంలో ఈ మాటలన్నీ సహజంగా దొర్లేలా చూసుకోవాలి. టైపింగు రానివారికి ఫోను కీబోర్డులో మైకు గుర్తు ఉంది. తెలుగులో మాట్లాడితే అదే రాస్తుంది. ఆపైన తప్పులు దిద్దుకోవాలి. నిజానికి మాట్లాడి రాయించుకున్న వ్యాసాల్లో పల్లెటూరి నుడికారం బాగా నిలుస్తుంది.

కృత్రిమ మేధతో గంటకో వ్యాసం పుట్టించి సైటు నింపేద్దామన్న ఆశకు లోనుకాకూడదు. పాఠకులకు ఉపయోగం లేని పేజీలను కుప్పలుగా తయారుచేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన నిషేధాల్లో చేర్చింది. అలాంటి సైట్లు ఫలితాల్లోంచి మాయమైపోతున్నాయి. 2024లోనే మన దేశంలో వెతుకులాట ఫలితాల పైన కృత్రిమ మేధ ఇచ్చే సారాంశాలు కూడా మొదలయ్యాయి. మామూలు ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుండటంతో సైటుదాకా వచ్చేవారు తగ్గుతున్నారు. సారాంశానికి అందనిది సొంతంగా తూచి, కొలిచి, ఫొటో తీసి చెప్పినదే. అలాంటిది రాసినవారు వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో కూడా తమ పాఠకులను సంపాదించుకోవచ్చు. ఒక్క గూగుల్ మీదే ఆధారపడటం క్షేమం కాదు. కాకపోతే దుకాణం లింకును ఎక్కడెక్కడ పెట్టవచ్చో ఆ కార్యక్రమం నిబంధనల్లో ముందే చదువుకోవాలి.

రాబడి గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. లెక్క కోసం ఒక ఊహ: నెలకు వెయ్యి మంది ఒక వ్యాసం చదివారు, అందులో యాభై మంది లింకు నొక్కారు, ఇద్దరు 15,000 రూపాయల మిషన్ కొన్నారు, కమీషన్ నూటికి నాలుగు. అప్పుడు వచ్చేది 1,200 రూపాయలు. ఒక మిషన్ వెనక్కి వెళితే 600. వెయ్యి మంది చదివే స్థాయికి రావడానికే కొత్త సైటుకు నెలలు పడుతుంది. ఒక్క ఏడాదిలో ఉద్యోగం మానేసి దీని మీద బతకవచ్చని చెప్పేవారి మాట వినకూడదు. కమీషన్ రేట్లు కూడా దుకాణం ఇష్టం. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్ ఫర్నిచర్ మీద కమీషన్‌ను 8 శాతం నుంచి 3 శాతానికి, కిరాణా మీద 5 నుంచి 1 శాతానికి ఒక్కసారిగా తగ్గించేసింది. ఆ ఒక్క సంస్థనే నమ్ముకున్న సైట్ల రాబడి రాత్రికి రాత్రి కుంగిపోయింది. అందుకే రెండు మూడు కార్యక్రమాల్లో చేరడం, గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు జోడించడం మంచిది. యాడ్‌సెన్స్ తెలుగు సైట్లకు 2018 నుంచి అందుబాటులో ఉంది.

అఫిలియేట్ కార్యక్రమంలో చేరడానికి ఏ మంచి దుకాణమూ డబ్బు అడగదు. 'రిజిస్ట్రేషన్ ఫీజు కడితే రెడీమేడ్ సైటు, నెలకు లక్ష గ్యారంటీ' అనే ప్రకటనలూ, రేటింగులు ఇస్తే డబ్బిస్తామని టెలిగ్రామ్‌లోకి లాగి, ఆపైన డిపాజిట్లు కట్టించే ముఠాలూ ఈ పేరు వాడుకుంటున్నాయి. పల్లెల్లో నిరుద్యోగ యువకులూ, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లూ వీటికి బలవుతున్నారు. మోసపోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును బ్యాంకుల్లో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. తప్పుడు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉండవచ్చు. డబ్బు సంబంధం ఉంటే పాఠకుడికి స్పష్టంగా చెప్పాలని, వ్యాసం ఏ భాషలో ఉంటే ఆ వెల్లడి కూడా ఆ భాషలోనే ఉండాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. 'ఈ పేజీలోని లింకుల ద్వారా మీరు కొంటే మాకు కమీషన్ వస్తుంది. మీకు ధర పెరగదు' అని వ్యాసం మొదట్లోనే, అందరికీ కనబడే అక్షరాల్లో రాస్తే సరిపోతుంది. అమెజాన్ తన సొంత వాక్యాన్ని కూడా సైటులో పెట్టమంటుంది. ధరలను వ్యాసంలో అంకెలుగా రాయవద్దంటుంది, ఎందుకంటే అవి గంట గంటకూ మారుతుంటాయి. దుకాణం పేజీలోని ఫొటోలు, కొన్నవారి అభిప్రాయాలు తెచ్చి అతికించడం కూడా కుదరదు. సొంతంగా తీసిన ఫొటోలు అందుకూ అక్కరకొస్తాయి. లింకులకు 'స్పాన్సర్డ్' అనే గుర్తు తగిలించమని గూగుల్ 2019 నుంచి చెబుతోంది. వర్డ్‌ప్రెస్‌లో ఉచిత ప్లగిన్ ఒకటి పెట్టుకుంటే ఈ గుర్తు తగిలించడానికి కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

కమీషన్ ఆదాయం పన్ను పరిధిలోకి వస్తుంది. ఖాతా తెరిచేటప్పుడే పాన్ నంబరు, బ్యాంకు వివరాలు ఇవ్వాలి. 2024 అక్టోబరు నుంచి కమీషన్ మీద మూలంలో కోసే పన్నును 5 నుంచి 2 శాతానికి తగ్గించారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక సంస్థ నుంచి ఏడాదికి వచ్చేది 20,000 రూపాయలు దాటితేనే ఆ కోత. మొత్తం ఆదాయం పన్ను కట్టే స్థాయిలో లేనివారు రిటర్ను వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు. సేవల మీద ఏటా 20 లక్షల రూపాయల రాబడి దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. డొమైన్, హోస్టింగ్, ఇంటర్నెట్ ఖర్చుల బిల్లులు దాచుకుంటే రాబడిలోంచి తీసివేసి చూపించుకోవచ్చు.

సైటు నిలబడ్డాక చేయాల్సినది పాత వ్యాసాలను తిరిగి చూడటం. ఆన్‌లైన్ దుకాణాల్లో మోడళ్లు ఊరికే మారిపోతాయి, నిరుడు మెచ్చుకున్న మిషన్ ఇవాళ దొరకకపోవచ్చు, లింకు ఖాళీ పేజీకి తీసుకెళ్లవచ్చు. ఖరీఫ్ ముందొకసారి, రబీ ముందొకసారి ప్రతి లింకునూ నొక్కి చూసి, ఆగిపోయినవాటిని తీసేసి, ఆ మిషన్ కొన్న రైతులను మళ్లీ అడిగి, ఏడాది వాడాక బ్లేడు, మోటారు ఎలా ఉన్నాయో తేదీతో సహా అదే వ్యాసంలో చేర్చాలి.